విమాన పరిచారకుల వైద్యపరీక్ష

మనము నివసించు ప్రాంతములలో పలుభాషలు వినవచ్చును. ఒకే పనికి ఒక్కొక్క భాష ఒక్కొక్క పేరు పెట్టుట మనకు క్రొత్త గాదు. విమానములో ప్రయాణికుల నడుమ తిరుగుచు పనిచేయు స్త్రీని కన్నడ పత్రికలు ‘గగనసఖి’ యనును. తమిళులు ‘విమానప్పణిప్పెణ్’ అందురు. విమానమున ఊడిగము చేయు స్త్రీ యని దాని యర్థము. మరాఠీలో ‘హవాయి సుందరి’ యను మాట చాలకాలముగ వాడుకలో నున్నది. తెలుగు పత్రికలు ఆంగ్లపదమునే గ్రహించి ‘ఎయిర్ హోస్టెస్’ అని వ్రాయుచు వచ్చినవి. హోస్టెస్ అనగా అతిథుల నాదరించు గృహిణి. సఖి, సేవకురాలు, సుందరి, గృహిణి - ఈ నాలుగు పేర్లలో దేనిని బట్టియు ఆ యుద్యోగమునకు ముందు వైద్యు డేల పరీక్షింపవలెనో తెలియరాదు. సఖ్యమునకు గాని సౌందర్యమునకు గాని వైద్యుని పత్రముతో పనియేమి?

అయినను ఆ పరీక్ష యున్నది. అందు తేరనివారు ఎంత నేర్పరులైనను విమానమున పరిచర్య చేయరాదు. ఆ పరీక్షలో వైద్యుడు చూచున దేమి, చూడని దేమి యను విషయమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఇది రూపమును బట్టి యిచ్చు ఉద్యోగమని తలచి వెనుదీయు విద్యార్థినులును, ఆ తలంపుతోనే వలదని చెప్పు తల్లిదండ్రులును మనలో గలరు. ఆ యుద్యోగము కోరుట, కోరకుండుట వారి వారి యిష్టము. కాని తప్పు తలంపు వలన మానుకొనుట తగదు.

మొదట ఆ పని యెట్టిదో చూతము. భోజనము పెట్టుట, పానీయము లందించుట మన కంటబడు భాగము మాత్రమే. చట్టము వారిని విమానమున నుంచునది అందులకు గాదు. మన దేశపు నియమముల ప్రకారము ప్రయాణికుల ఆసనములు ప్రతి 50కి ఒకరు చొప్పున పరిచారకు లుండవలెను. ఐరోపాలోను లెక్క యిట్టిదే. ఇది ఆకలిగొన్నవారి సంఖ్యను బట్టి వేసిన లెక్క గాదు. అపాయము కలిగినపుడు ప్రయాణికులను వేగముగ బయటికి పంపుటకై వేసిన లెక్క. పెద్ద విమానమును క్రొత్తగా నిర్మించినవారు, సగము ద్వారములే తెరచి, చీకటిలో, నిండు ప్రయాణికులను 90 సెకండ్లలో నేలకు దింపవచ్చునని ఋజువు చేయవలెను. 2006లో జర్మనీ దేశమునందలి హాంబర్గు నగరమున ఎయిర్‌బస్ ఎ-380 అను రెండంతస్తుల విమానమునకు ఇట్టి పరీక్ష జరిగినపుడు 873 మంది 78 సెకండ్లలో దిగిరి.

అది పరీక్ష. 2024 జనవరి 2వ తేదీన జపాను దేశమున టోక్యో నగరపు హనేడా విమానాశ్రయములో నిజమైన అపాయమే సంభవించినది. దిగుచున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానము రన్‌వే పైనున్న తీరరక్షక దళమువారి చిన్న విమానమును ఢీకొనెను. రెండు విమానములును అగ్నికి ఆహుతియైనవి. చిన్న విమానమునందలి ఆరుగురిలో ఐదుగురు మరణించిరి. పెద్ద విమానమున 367 మంది ప్రయాణికులును, 12 మంది సిబ్బందియు నుండిరి. వారిలో తొమ్మండుగురు పరిచారకులు. లోపల పొగ క్రమ్మినది. అందరికిని వినబడునట్లు మాటాడు యంత్రము పనిచేయలేదు. ఎనిమిది ద్వారములలో మూడింటి గుండనే దిగుటకు వీలయ్యెను. పరిచారకులు మెగాఫోనులతోను, వట్టి కంఠములతోను కేకలు వేయుచు, ఏ ద్వారము వైపు మంట గలదో కిటికీలలో నుండి చూచి నిర్ణయించుచు, 379 మందిలో ఒక్కరైనను మరణింపకుండ అందరిని దింపిరి. 

ఈ సంఘటనను మనస్సున నుంచుకొన్నచో వైద్యుని ప్రశ్న లన్నియు తమంతట తామే అర్థమగును. పొగలో మంట యెక్కడ నున్నదో చూడగల కన్ను. గోలలో తోటివాని కేక వినగల చెవి. బరువైన తలుపును త్రోయగల భుజము. పొగలోను అలసిపోని గుండె, ఊపిరితిత్తులు. భీతిలోను కర్తవ్యమును మరువని మనస్సు. అన్నిటికంటె ముఖ్యముగ, ఆ క్షణమున తెలివి తప్పి పడిపోని శరీరము. వైద్యుడు వెదకునవి యివి.

ఇక పనిచేయు చోటు సంగతి. విమానము 35,000 అడుగుల యెత్తున, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, ఎగురును. అచ్చటి గాలి మనుష్యుడు పీల్చి బ్రతుకదగినది గాదు. కావున యంత్రములు బయటిగాలిని నొక్కి లోపలికి పంపుచుండును. అయినను లోపలి గాలి మన సముద్రతీరమునందలి గాలివలె దట్టముగ నుండదు. నియమము ప్రకారము అది 8,000 అడుగుల యెత్తున, అనగా సుమారు 2,400 మీటర్ల కొండపై నుండు గాలికంటె పలుచబడరాదు. తమిళనాడునందలి మన సోదరులకు ఇది తేలికగ బోధపడును. ఉదకమండలము సుమారు 2,240 మీటర్ల యెత్తుననున్నది. దాని ప్రక్కనున్న దొడ్డబెట్ట శిఖరము 2,637 మీటర్లు. విమానములోని గాలి ఎంత పలుచబడినను ఈ రెండింటికి నడిమి యెత్తున నుండు గాలి వంటిదే. ఊటీకి పోయినవారు మెట్లెక్కునపుడు ఎగయూపిరి పొడమి నిలుచుట మనమెరుగుదుము. విమాన పరిచారకులు ప్రయాణము పొడవునను ఆ యెత్తున నిలువబడి, బరువైన బండి త్రోయుచు పనిచేయుదురు.

అచ్చట వాయుపీడనము సముద్రతీరమున నుండుదానిలో నాలుగింట మూడు పాళ్లకు తగ్గును. దానితో ప్రాణవాయువును అంతే తగ్గును. ఆరోగ్యవంతునకు ఇది కష్టము గాదు. కాని తీవ్రమైన రక్తహీనత గలవారికిని, ఊపిరితిత్తుల జబ్బు గలవారికిని, గుండె బలహీనముగ నున్నవారికిని ఈ కొద్ది తగ్గుదలయే భారమగును. పీడనము తగ్గినకొలది మూసియున్న గాలి ఉబ్బును. నేలపై గట్టిగ మూత బిగించిన చిప్సు పొట్లము కొండపై ఉబ్బుట చాలమంది చూచియేయుందురు. విమానములో మన శరీరమునందు చిక్కుకొనిన గాలి సుమారు మూడింట నొకపాలు పెరుగును. కడుపులోని గాలి, ముఖపుటెముకల బోలు గదులలోని గాలి, నడిమి చెవిలోని గాలి ఇట్లు పెరుగునవే. నడిమి చెవినుండి గొంతు వెనుకకు సన్నని నాళ మొకటి పోవును. దానికి యూస్టేషియన్ నాళమని పేరు. మనము మ్రింగునపుడు, ఆవులించునపుడు అది తెరచుకొని లోపలి పీడనమును వెలుపలి పీడనమును సమము చేయును. జలుబు చేసినపుడు ఆ నాళము వాచి మూసికొనిపోవును. విమానము దిగునపుడు కర్ణభేరి లోపలికి లాగబడి, విపరీతమైన నొప్పి కలుగును. ఒక్కొక్కప్పుడు కర్ణభేరి చిల్లియగును. ప్రయాణికునకు ఇది యొక్కనాటి బాధ. పరిచారకునకు ఒక్క దినములోనే పలుమారు ఎక్కుట, దిగుట గలవు. వైద్యుడు చెవి, ముక్కు, గొంతుకలను అంత శ్రద్ధతో పరీక్షించుటకు ఇదియే కారణము.

ఈ పరీక్ష చరిత్ర తెలిసినగాని నేటి నియమముల విలువ తెలియదు. 1930 మే 15వ తేదీన అమెరికాలో ఎల్లెన్ చర్చ్ అను నామె బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ వారి విమానమున మొట్టమొదటి పరిచారికగ పయనించెను. ఆమె శిక్షణ పొందిన నర్సు. విమానము నడుపుటయు నేర్చినది. నర్సులను విమానమున నుంచినచో ప్రయాణికుల భయము తీరునని సంస్థవారికి నచ్చజెప్పినది. ఆమెతో కలిపి ఎనిమిదిమంది నర్సులను నియమించిరి. వారు 25 ఏండ్లకు లోబడినవారును, అవివాహితలును, 115 పౌనులకు మించని బరువును, 5 అడుగుల 4 అంగుళములకు మించని యెత్తును గలవారునై యుండవలెనని నిబంధన. నాటి విమానములు ఇరుకైనవి, ప్రతి పౌను బరువును లెక్కకు వచ్చునవి. కావున బరువునకు, ఎత్తునకు హద్దు పెట్టుటలో కొంత కారణము లేకపోలేదు.

కాని విమానములు పెద్దవైనను ఆ హద్దులు పోలేదు. కారణము పోయి నియమము మిగిలెను. నర్సు కావలెనన్న నిబంధన రెండవ ప్రపంచయుద్ధ కాలమున సడలిపోయెను. వయస్సు, బరువు, అవివాహిత యగుట యను నిబంధనలు మాత్రము అటుపిమ్మటను పలుసంస్థలలో చాలకాలము నిలిచెను. అనగా పనికి పనికివచ్చు అర్హత పోయి, కంటికి ఇంపైన అర్హత నిలిచినదన్నమాట. మన దేశమునను ఇట్టి నిబంధన లుండెను. ఎయిర్ ఇండియా సంస్థలోని పరిచారికలు 35 ఏండ్లు నిండినపుడు గాని, ఉద్యోగమున చేరిన నాలుగేండ్లలోపల వివాహమాడినచో గాని, మొదటిసారి గర్భము ధరించినపుడు గాని, ఏది ముందైన అప్పుడు ఉద్యోగము విడువవలసి యుండెను. నర్గీస్ మీర్జా యను పరిచారికయు మరికొందరును వేసిన వ్యాజ్యమున 1981లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, గర్భము ధరించినంత మాత్రమున ఉద్యోగమునుండి తొలగించు నిబంధనను కొట్టివేసెను. పదవీకాలమును పొడిగించుట కేవలము అధికారి యిష్టమునకు విడుచుటయు చెల్లదనెను. నాలుగేండ్లలోపు వివాహమును గూర్చిన నిబంధనను మాత్రము నాడు కొట్టివేయలేదు. న్యాయమైనను ఒక్కసారిగ గాక మెట్టు మెట్టుగనే వచ్చుచుండును.

ఇక నేటి పరీక్ష యెట్లుండునో చూతము. మన దేశమున ఈ నియమములను విధించునది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. నియమములు దేశమునుబట్టి కొంత మారును. పరీక్ష వెనుకనున్న ఆలోచనను స్పష్టముగ చూపుటకు ఐరోపా సమాఖ్యవారి నియమములను ఉదాహరణముగ గ్రహింతము. వాటి ప్రకారము పరిచారకులు ఉద్యోగమునకు ముందును, పిమ్మట ఐదేండ్లకు మించని వ్యవధితోను పరీక్ష చేయించుకొనవలెను. గుండె, ఊపిరితిత్తులు, నరములు, మనస్సు, కన్ను, చెవి, ముక్కు, గొంతుక - అన్నియు పరీక్షింపబడును. కంటిచూపు అద్దములతోనైనను, అద్దములు లేకయైనను 6/9 ఉన్న చాలును. అనగా మంచి చూపుగలవారు తొమ్మిది మీటర్ల దూరమునుండి చదువగల అక్షరమును ఆరు మీటర్ల నుండి చదువగలిగిన చాలును. వినికిడి పరీక్ష మరియు సులభము: పరీక్షించువానికి వీపు త్రిప్పి, రెండు మీటర్ల దూరమున నిలిచి, ఒక్కొక్క చెవితో మామూలు మాటలను తప్పులేక గ్రహింపవలెను. వీపు త్రిప్పుట యెందులకు? పెదవుల కదలికను చూచి మాటను ఊహింపకుండుటకు. పొగలో పెదవులు కనబడవు గదా!

ఈ పరీక్షకు ఫలితము ‘తగును’, ‘తగదు’ అను రెండు మాటలతోనే ముగియదు. ‘ఈ షరతుతో తగును’ అను మూడవ మాటయు గలదు. పరీక్షయందలి న్యాయమంతయు ఈ మూడవ మాటయందే యున్నదని మా తలంపు. అద్దములు ధరించి పనిచేయవలెను, వినికిడి యంత్రము పెట్టుకొని పనిచేయవలెను, నియమిత కాలమున వైద్యునికి కనబడవలెను, ఒంటరిగ గాక ఇతర పరిచారకులతో కూడినపుడే పనిచేయవలెను - ఇట్టివి ఆ షరతులు.

ఒక యుదాహరణము చూతము. మధుమేహమునకు ఇన్సులిన్ సూదులు వేసికొను వ్యక్తి యొకరు పరిచారకుడు కాగోరెననుకొందము. ఇన్సులిన్ మోతాదు మించినచో రక్తమున చక్కెర పడిపోయి, వణుకు, తబ్బిబ్బు కలిగి, తుదకు స్పృహ తప్పవచ్చును. ‘మధుమేహము గలదు, పొమ్ము’ అని చెప్పుట తేలిక. కాని వైద్యుడు రెండు ప్రశ్నలు వేసికొనును. ఇతడు స్పృహ తప్పు అవకాశ మెంత? తప్పినచో కలుగు కీడెంత? వ్యాధి చక్కగ అదుపులోనుండి, చక్కెర తగ్గుచున్న సంగతిని తానే ముందుగ గుర్తింపగలిగినచో మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదగును. విమానమున మరికొందరు పరిచారకు లున్నచో రెండవదానికి జవాబు చిన్నదగును. కావున ఐరోపా నియమములు అట్టివానిని, తరచు పరీక్షలు చేయించుకొనుచు, ఇతర పరిచారకులు గల విమానములలో మాత్రమే పనిచేయవలెనను షరతుతో అనుమతింపవచ్చునని చెప్పుచున్నవి. అదే వ్యక్తి ఒకే పరిచారకుడుండు చిన్న విమానమున పనిచేయుటకు తగడు. మనిషి ఒక్కడే, వ్యాధి ఒక్కటే. పని మారినది, తీర్పు మారినది.

గర్భిణుల విషయమున నేటి పద్ధతి నాటి దానికంటె ఎంత వేరో చూడుడు. నాడు గర్భము ఉద్యోగమునకు అంతము. నేడు ఐరోపాలో ప్రసూతి వైద్యుని నివేదిక చూచి, మొదటి 16 వారముల వరకు పనికి తగుదురని చెప్పవచ్చును; తరువాత విమానమున పనిచేయరు. ఇది శిక్ష గాదు. విమానము ఊగిసలాడునపుడు పడిపోవు భయ మొకటి; ఆకాశమున ఎత్తు పెరిగినకొలది కాస్మిక్ కిరణముల తాకిడి హెచ్చుట మరియొకటి. గర్భస్థ శిశువు ఆ కిరణములకు లోనగు మోతాదునకు నియమములు హద్దు పెట్టినవి. తల్లి ఆరోగ్యముగ ప్రసవించిన పిమ్మట మరల పరీక్ష చేయించుకొని పనిలో చేరును.

మూర్ఛరోగము విషయమున నియమములు కఠినముగ నున్నవి. స్పృహతప్పుటకు ముందు హెచ్చరిక యుండకపోవచ్చును గదా. అయినను పసితనమున మూర్ఛ వచ్చి ఐదేండ్ల ప్రాయము తరువాత మరల రానివారిని, మందులు మాని పదేండ్లకు పైగ మూర్ఛ లేనివారిని వెంటనే త్రోసిపుచ్చక, మరింత పరీక్షించి నిర్ణయింపవలెనని ఐరోపా నియమము. మానసిక వ్యాధుల సంగతియు నిట్టిదే. రాత్రులు మేల్కొనుట, దూరదేశములకు పోయినపుడు పగలు రాత్రి తారుమారగుట ఈ పనిలో తప్పవు. నిద్ర చెడి మనస్సు క్రుంగినవాడు చికిత్స పొంది కోలుకొని తిరిగి పనికి రాగలడు. దాచిపెట్టినవానికి ఆ దారి మూసికొనిపోవును.

బరువు విషయమై ఒక మాట. మన దేశపు నియమములలో ఎత్తునుబట్టి బరువును లెక్కించి చూచుట గలదు. ఇరుకైన దారిలో తిరుగుటకు, ద్వారము గుండ వేగముగ పోవుటకు, వంగి పడియున్నవానిని లేవనెత్తుటకు బరువు అడ్డమైనచో వైద్యుడు దానిని గమనించుట న్యాయమే. అద్దమున కనబడు రూపముకొరకు దానిని వాడినచో అది వైద్యము గాదు, 1930 నాటి కొలబద్దకే వైద్యుని కోటు తొడుగుట యగును. విమాన సంస్థలు చేసికొను ఎంపిక వేరు, వైద్యుడు ఇచ్చు అర్హత వేరు అను సంగతిని విద్యార్థులు మరువరాదు. ఎత్తు, చేయి అందు దూరము, భాషాజ్ఞానము మున్నగువానిని సంస్థలు తమ యెంపికలో చూచును. మేని రంగును గూర్చి వైద్యుడు వ్రాయవలసిన గడి యేదియు లేదు.

పరీక్ష గదిలో ముగియని భాగమొకటి గలదు. ఐదేండ్ల కొకసారి చేయు పరీక్ష, నేటి ఉదయము పట్టిన జలుబును చూడజాలదు. కావున తాను తగిన స్థితిలో లేనని తెలిసిననాడు పనికి పోకుండుట పరిచారకుని బాధ్యతయే యని నియమములు చెప్పుచున్నవి. ఇది చెప్పినంత సులభము గాదు. ఎగిరిన గంటలను బట్టి భత్యము వచ్చు ఉద్యోగములలో ఒక దినము మానుట కుటుంబమునకు లోటు. అందువలననే కొందరు చెవి దిబ్బడను, తలతిరుగుడును, నిద్రలేమిని దాచి పోవుదురు. ‘నేడు నాకు బాగుగ లేదు’ అని చెప్పినవానిని చిన్నచూపు చూడని సంస్థయందే ఈ నియమము బ్రతికియుండును. ‘తాత్కాలికముగ తగడు’ అను తీర్పు అవమానము గాదు. కుదుటబడి రమ్మని చెప్పుట మాత్రమే.

తుదకు మన యిండ్లలో చేయదగిన పనులు కొన్ని గలవు. ఇవి విమానోద్యోగము కోరువారికి మాత్రమే గాదు, ఎల్ల పిల్లలకును మేలైనవి. చెవిలో చీము కారు పిల్లలకు నూనె పోసి ఊరకుండక, చెవి వైద్యునికి చూపవలెను. చిన్ననాటి చీము పెద్దనాటి చెవుడు కాగలదు. నల్లబల్ల కనబడని పిల్లకు అద్దములు పెట్టించినచో పెండ్లికి అడ్డమని వెనుదీయరాదు. అద్దములు ఈ యుద్యోగమునకే అడ్డము గానపుడు మరి దేనికి అడ్డము? పాలిపోయి తొందరగ అలసిపోవు బాలికకు రక్తపరీక్ష చేయింపవలెను. రక్తహీనత చాలవరకు నయమగు వ్యాధి. పసితనమున మూర్ఛ వచ్చినచో దానిని రహస్యముగ నుంచక, ఏ యేట వచ్చినది, ఏ మందు వాడినది, ఎప్పుడు మానినది యను వివరములుగల కాగితములను భద్రపరుపవలెను. ముందొకనాడు ఏ వైద్యుని యెదుట కూర్చున్నను ఆ పిల్లకు తోడు నిలుచునవి ఆ కాగితములే.